మలుపు దగ్గర లేచే లైట్లు

"బావగారూ, దీని లైట్లు వాటంతటవే పైకి లేస్తున్నాయి," అంది తమ్ముడి భార్య, రేసు కారుని నా షెడ్డులో ఆపుతూ. "మంచి స్పీడులో ఉండగా, సరిగ్గా ఆ ఆఖరి మలుపు దగ్గర."

నాకు ఒళ్ళు మండింది. ఈ కారు లైట్లు బానెట్‌లో ముడుచుకుని ఉన్నంతసేపే దాని పరుగు. తలెత్తాయా, గాలి వాటికి కొట్టుకుని వేగం చచ్చిపోతుంది. తమ్ముడికి అదే పిచ్చి. మసక చీకట్లో కూడా లేపేవాడు కాదు. ఓ సాయంత్రం ఆ మలుపే కనపడక కారు పల్టీ కొట్టింది. దాని ముక్కు మీద గీత కూడా పడలేదు గానీ, వాడు పోయాడు.

"లైట్లని లేపే మోటార్లు పీకేస్తానమ్మా, పీడా పోతుంది," అంటూ బానెట్ ఎత్తాను.

మోటార్లు ఉండాల్సిన చోట ఖాళీ. బరువు తగ్గుతుందని వాడే ఎప్పుడో విప్పేసినట్టున్నాడు. అవి లేకపోతే లైట్లని ఎవరో ఒకరు చేత్తో తిప్పి లేపాల్సిందే.

"వెల్డింగు పెట్టి మూసేస్తాను," అన్నాను.

"వద్దు బావగారూ." ఆమె బానెట్ మెల్లగా దించింది. "లైట్లెయ్యండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా, బతికుండగా ఒక్కసారీ వినలేదు. ఇన్నాళ్ళకి వింటున్నారు."