రెండు స్టీలు గ్లాసులు

సంతరోజు పొద్దున్నే బిందుమాధవి స్టూడియో తెరిచి, కంప్యూటరు పక్కరేకు విప్పింది.

పెళ్లయి రెండు నెలలు. సంతరోజు ఆమె స్టూడియోలో ఉండటం ఇదే మొదటిసారి. ముంచింగిపుట్టులో భర్త ఫణీంద్రది ఫొటో స్టూడియో. ఆ కంప్యూటరు స్విచ్ నొక్కి, కాఫీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పుడు తెరుచుకునేది.

ఫణీంద్ర పాడేరు వెళ్లాడు. సాయంత్రం అతను వచ్చేసరికి పాత డిస్కు బదులు కొత్త ఎస్సెస్‌డీ బిగించేసి, అప్పుడతని మొహం చూడాలని ఆమె సరదా.

ఎప్పుడొచ్చాడో, బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలకి తువ్వాలు, ఒళ్లో గుడ్డసంచి.

“ఇవాళ ఫొటోలు తియ్యం తాతా. ఆయన లేరు.”

“పరవానేదమ్మా. కూకుంటాను.”

స్క్రూ రెండుసార్లు జారి లోపల పడింది. మూడోసారి ముసలాయనే లేచాడు. సంచిలోంచి గోరంత తేనెమైనం తీసి స్క్రూడ్రైవర్ కొసకి రాశాడు. స్క్రూ దానికి అంటుకుని, బుద్ధిగా వెళ్లి తన చోట కూర్చుంది.

బిందుమాధవికి నవ్వొచ్చింది. తను చూసిన ఏ వీడియోలోనూ ఈ కిటుకు లేదు.

విండోస్ ఎక్కించింది. పాత డిస్కులోంచి పెళ్లిళ్లు, పుట్టినరోజులు, స్కూలు గ్రూపు ఫొటోలు కొత్తదాంట్లోకి పంపింది. ‘సంత’ అనే ఫోల్డరులో ఒక్కటే ఫొటో ఉంది. తలలో పచ్చటి వలిసెపూలు పెట్టుకుని, ఎండకి కళ్లు మూసేసుకున్న పదేళ్ల పిల్ల. చెడిపోయిన ఫొటో అనుకుని వదిలేసింది.

మధ్యాహ్నం పాత సామాన్లవాడి ఆటో వచ్చింది. విరిగిన ట్రైపాడ్‌తోపాటు, టకటకమనే ఆ పాత డిస్కు కూడా వేస్తే రెండు బుల్లి స్టీలు గ్లాసులు ఇస్తానన్నాడు. తనకొకటి, ఫణీంద్రకొకటి. ఆమె వెంటనే వేసేసింది.

ముసలాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“మాకాడ కొత్త గింజ మొలిసేదాకా పాత ఇత్తనాల కుండ దులపరమ్మా.”

“ఇది మొలిచేసింది తాతా. రా, చూద్దువుగాని.”

ఆటో సందు మలుపు తిరిగింది.

స్విచ్ నొక్కి పైకే లెక్కపెట్టింది. పది అనేలోగా తెర వెలిగింది. ముసలాయన తలమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఆమె తన పెళ్లిఫొటోలు చూపించింది. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు చూపించింది. ఒక్కో ఫోల్డరూ తెరిచి, ఎంత తొందరగా తెరుచుకుంటోందో చూడమంది. ఆయన అన్నీ ఓపిగ్గా చూశాడు.

“ఇంతేనా అమ్మా?”

“ఇంతే తాతా. కావలసినవన్నీ వచ్చేశాయి.”

ఆయన కాసేపు తెరవంక చూశాడు. తర్వాత వెలిగిపోతున్న ఆమె మొహంవంక చూశాడు.

“బాగున్నాది. బేగి తెరుసుకుంది” అన్నాడు.

సంచిలోంచి సీసాడు తేనె తీసి టేబుల్ మీద పెట్టి, కొండదారి పట్టాడు.

సాయంత్రం ఫణీంద్ర వచ్చాడు. పది సెకన్లకి అతని మొహం ఆమె అనుకున్నట్టే అయింది. కొత్త గ్లాసుల్లో కాఫీ పోసింది. అప్పుడతను తేనెసీసా చూశాడు.

“గాసి వచ్చాడా? బొమ్మ చూపించావా?”

“ఏ బొమ్మ?”

అతను మౌసు అందుకుని ఫోల్డర్లన్నీ కిందిదాకా చూశాడు. మళ్లీ పైనుంచి చూశాడు.

“ఇంతేనా?” అన్నాడు.

ఆమె పాత డిస్కు సంగతి చెప్పింది. ఫణీంద్ర గ్లాసు కింద పెట్టేశాడు.

“ప్రింటు తీసిస్తానన్నా పట్టుకెళ్లడు, ఇంట్లో వాళ్లావిడ చూస్తే మళ్లీ మంచం పడుతుందని. ఆ ‘సంత’లో ఉన్న పిల్ల ఆయన కూతురు బిందూ. నాలుగేళ్ల కిందట జ్వరంతో పోయింది. ఇంకెక్కడా దాని ఫొటో లేదు. ప్రతి సంతకీ కొండ దిగి, ఒక్కసారి చూసుకుని పోవడానికే వస్తాడు.”