కెమెరా ఆగింది

"అన్నా, గంటసేపు నువ్వు తీసిందేమిటి?"

వ్యానులో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న డైరెక్టరమ్మ గొంతు వినగానే, ట్రైపాడ్ లోపల పెడుతున్న కెమెరామన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంటర్వ్యూ ఇచ్చిన పెద్దాయన గుమ్మం ఇంకా పదడుగుల దూరంలోనే ఉంది.

"ఇంటర్వ్యూ."

"ఇంటర్వ్యూ ఒక్క ముక్క లేదు. నా చెప్పులున్నాయి. లైటు జరుపుతున్న నీ చెయ్యి ఉంది. పెద్దాయన మంచినీళ్లు తాగడం ఉంది. నేను ప్రశ్న మొదలెట్టగానే కట్!"

విషయం అర్థమయ్యేసరికి అతని చెవులు వేడెక్కాయి. ఫ్రేము సరిచూసుకుంటున్నప్పుడు వేలు రికార్డు బటన్‌కి తగిలి ఉంటుంది. అప్పట్నుంచి లెక్క తలకిందులు. మొదలుపెడుతున్నాననుకుని నొక్కినప్పుడల్లా ఆగింది. ఆపుతున్నాననుకుని నొక్కినప్పుడల్లా మొదలైంది. కిటికీలోంచి పడ్డ ఎండకి చిన్న స్క్రీను అద్దంలా మెరుస్తుంటే, మూలనున్న 'REC' అక్షరాలు చూడకుండా ఫోకస్ కోసం పెద్దాయన కళ్లనే పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల అనుభవం!

"పెద్ద కెమెరా తెమ్మని పొద్దున చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"ఆ గది అగ్గిపెట్టెంత. అంత కెమెరా ఎదురుగా పెడితే పెద్దాయన నోరు పెగలదని..."

"అందుకని చేతికి అలవాటు లేని అద్దె కెమెరా తెచ్చావు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్లినట్టుంది."

ఇంటర్వ్యూ పోతే మళ్లీ తీసుకోవచ్చు. అతని భయం వేరే. మధ్యలో మూడుసార్లు ఆపారు. మూడోసారి డైరెక్టరమ్మ ఫోనొచ్చి బయటికి వెళ్లింది.

"ఆ మూడోది పెట్టకమ్మాయ్."

అప్పటికే పెట్టేసింది.

స్క్రీను మీద పెద్దాయన ఒక్కడే కుర్చీలో. కాలర్ మైకు తియ్యలేదు కాబట్టి ఊపిరి కూడా వినిపిస్తోంది.

"ఆపేశావా బాబూ?"

"ఆపేశాను పెద్దాయనా. కాస్త కాళ్లు చాపుకోండి." అది కెమెరామన్ గొంతే.

పెద్దాయన కెమెరా వైపు చాలాసేపు చూశాడు.

"బాయిలర్ పేలిన రోజు అందులో నీళ్లు చూసే వంతు నాతో డ్యూటీ చేసే నా జోడీది కాదు బాబూ, నాది. నిద్రపోయింది నేను. నన్ను లేపడానికి పరుగెత్తుకొచ్చి వాడు పోయాడు. లేచి నలుగుర్ని బయటికి లాగానని నాకు పతకం ఇచ్చారు. నిద్రపోయాడని వాడి మీద రాశారు. నేను నోరు మూసుకున్నాను."

డైరెక్టరమ్మ ల్యాప్‌టాప్ సగం మూసింది. వాళ్లిద్దరూ వచ్చింది ఫ్యాక్టరీ చరిత్ర తియ్యడానికి.

"విని కూడా నాకు చెప్పలేదేం అన్నా?"

"ఆగిందని నేను మాటిచ్చాక చెప్పాడు. నా చెవిలో వేశాడు. లోకం చెవిలో కాదు."

"వెనక వీధిలో ఆ జోడీ భార్య ఉంది. ఇరవై ఏడేళ్లుగా 'నిద్రపోయి బాయిలర్ పేల్చినోడి పెళ్లాం' అనిపించుకుంటూ బతుకుతోంది. నిన్న మనం వెళ్తే తలుపు సందులోంచే మాట్లాడింది. ఆవిడకెవరిచ్చారు మాట?"

అతను ల్యాప్‌టాప్‌లోంచి మెమరీ కార్డు బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గోరంత ఉంది. కెమెరాలో పెట్టి రెండుసార్లు నొక్కితే చాలు, చెరిగిపోతుంది. నొక్కడంలో తన చెయ్యెంత గొప్పదో ఇందాకే తేలింది.

"అడుగుదాం," అన్నాడు చివరికి. "వద్దంటే నా చేత్తోనే చెరిపేస్తాను."

"వద్దనే అంటాడు. ఎవరైనా సొంత పతకం తీసి చెత్తబుట్టలో వేస్తారా?"

"అంటే అననీ."

"ఆవిడ తలుపు సందులోనే ఉండిపోనీ, అంతేగా?"

అతను వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం వైపు నడిచాడు. గొణుక్కుంటూనే ఆమె వెనకే వచ్చింది.

పెద్దాయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు, ఎవరో వస్తారని తెలిసినట్టు. కెమెరామన్ నిలబడే చెప్పాడు. కూర్చుంటే మాట రాదనిపించింది.

"పెద్దాయనా, తప్పయిపోయింది. ఆగిందని చెప్పాను గానీ కెమెరా తిరుగుతూనే ఉంది. మీ జోడీ గురించి చెప్పిందంతా ఇందులో పడిపోయింది. ఒట్టు, నాకు తెలియలేదు. మీరు ఊఁ అంటే మీ కళ్లముందే చెరిపేస్తాను."

పెద్దాయన లేచి వచ్చి, కార్డున్న అతని అరచేతిని తన రెండు చేతులతో మూసేశాడు.

"చెరపకు బాబూ. ఇరవై ఏడేళ్లు ప్రయత్నించినా ఒప్పుకునే ధైర్యం రాలేదు. కనీసం దొరికిపోదామనుకున్నాను."

"దొరికిపోవడమేంటి? మీరసలు నేను ఆపేశాననుకునే కదా నాతో..."

"బాయిలర్ ముందు దీపాలు చూస్తూ బతికినవాణ్ణి, నాకు తెలీదా? ఆపేశానని నువ్వన్నప్పుడల్లా, కెమెరాకి నా వైపున్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది."