గోడ అవతలి గోల్

పాప్‌కార్న్ గిన్నె మీద మూత పెట్టేలోపు గోల్ పడిపోయింది.

ఆమె గరిటెతో సహా హాల్లోకి పరుగెత్తుకొచ్చేసరికి, టీవీలో మనవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకుంటున్నారు.

“మళ్ళీనా! నేనిటు తిరిగితే చాలు, గోల్ కొట్టేస్తారు!” గోడలు అదిరేలా అరిచింది.

పెళ్ళయిన కొత్త. ఇంట్లోకి కుర్చీలు ఇంకా రాలేదు. సాయంత్రం పూట చాప మీద భుజం భుజం ఆనించి కూర్చుని మ్యాచ్ చూడటమే ఆ ఇద్దరికీ పండగ.

“నువ్వు వంటింట్లో ఉంటేనే మనవాళ్ళకు గోల్ పడుతోందోయ్. ఏం చేస్తాం!” అన్నాడు భర్త.

“అంటే, హాల్లో అడుగు పెడితే అరిష్టమా నేను?”

“నేనలా అన్నానా తల్లీ!”

“కాలేజీ జట్టులో గోల్‌కీపర్‌ని నేను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మీకు నేర్పిందీ నేనే. చూసే యోగం మాత్రం మీకు!”

ఆ మ్యాచ్ ఓడిపోయారు. నాలుగు జట్ల గ్రూపులో ముందుకెళ్ళేవి రెండే. మనవాళ్ళకు ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి.

రెండో మ్యాచ్ నాడు ఆమె టీ పెడుతోంది.

“గోల్!”

అరుపు టీవీలోంచి కాదు. వంటింటి గోడ అవతల, పక్క వాటాలోంచి.

ఆమె పరుగెత్తుకొచ్చింది. టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది.

“గోల్ ఏదీ...” అంటుండగానే బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి దొర్లి, చటుక్కున వలలో పడింది.

ఆమె చాప మీద గెంతులేసింది. “చూశాను! కళ్ళారా చూశాను!”

పొయ్యి మీద టీ పొంగిపోయింది. పోతే పోయింది.

భర్త మొహం మాత్రం మాడిపోయింది.

“పడుతుందని ముందే తెలిసిపోయాక ఇంకేం మజా? పక్క వాటా ఆయన వినేది రేడియో. మన టీవీ ఇంటర్నెట్ మీద కాస్త వెనకబడి వస్తుంది.”

“పోనిద్దురూ, ఆయన సరదా ఆయనది.”

“సరదా కాదు, జోస్యం!”

అలా పక్క వాటా ఆయన పేరు జోస్యం బాబాయ్ అయింది. ఒంటరిగా ఉంటాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. అంతకు మించి ఆయన సంగతి వాళ్ళకేమీ తెలియదు.

మనవాళ్ళు ఆ మ్యాచ్ గెలిచారు. మర్నాడు పాలపాకెట్‌తో మెట్లెక్కుతూ ఆయన ఇద్దరికీ ఎదురుపడ్డాడు.

“ఏం బాబాయ్ గారూ, జాతకాలు కూడా చెబుతారా?” అన్నాడు భర్త.

ఆయనకు అర్థం కాలేదు.

“గోల్ పడకముందే అరుస్తున్నారుగా! మేం టీవీ కట్టేసి మీ గోడకు చెవి ఆనించుకుని కూర్చుంటే సరిపోయేలా ఉంది.”

ఆయన నవ్వబోయి ఆగాడు. ఒక్కసారి ఆమె వైపు చూశాడు.

“ఇబ్బందిగా ఉందా, బాబూ?”

“ఇబ్బందే మరి.”

“అలాగేలే. ఇక అరవను.”

ఆమె భర్త మోచేతిని గిల్లింది.

మూడో మ్యాచ్. గెలిస్తే ముందుకు, లేకపోతే ఇంటికి.

సగం ఆట అయినా గోల్ లేదు. భర్త రెండు చేతులూ జోడించాడు.

“నీకు పుణ్యముంటుంది, వంటింట్లోకి వెళ్ళవే!”

ఆమె మూతి తిప్పుకుంటూ వెళ్ళింది. జట్టు కోసం తప్పదు కదా!

ఉల్లిపాయ కోస్తుంటే వంటింటి గోడ మీద టక్ టక్‌మని మెల్లగా చప్పుడైంది.

‘మేకు కొట్టుకోవడానికి ఇప్పుడే దొరికిందా ఈయనకు!’ అనుకుంది.

ఉల్లిపాయ పూర్తయ్యేలోపే హాల్లోంచి భర్త కేక. గోల్! ఆమెకు మళ్ళీ దక్కలేదు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అవతలి జట్టూ ఒకటి కొట్టింది. ఆట ముగింపుకొస్తోంది. మనకు ఇంకొక్క గోల్ కావాలి. ఎవరూ చెప్పకుండానే ఆమె వెళ్ళి పొయ్యి పక్కన నిలబడింది.

ఈసారి గోడ దభీమని మోగింది. వెనకే ఒక అరుపు. మాట లేదు, ఉత్త అరుపు.

“వస్తోంది! గోల్ వస్తోంది!” ఒక్క గెంతులో హాల్లో పడింది.

“ఆపుకోలేకపోయాడు మహానుభావుడు!” భర్త ఈసారి తిట్టలేదు. “ఆయన నోట్లో పంచదార పొయ్య!”

ఇద్దరూ చేతులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశారు. బంతి ఆ కాలికీ ఈ కాలికీ తిరిగింది. గీత దాటి బయటకు పోయింది. మళ్ళీ వచ్చింది.

గోల్ పడలేదు.

ఈల మోగింది. మనవాళ్ళు తలలు వంచుకుని మైదానం బయటకు నడిచారు.

“జోస్యం బాబాయ్ జోస్యం కూడా తప్పింది,” అన్నాడు భర్త.

ఓడిపోయిన బాధలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

తెల్లారినా గోడ అవతల రేడియో మోగుతూనే ఉంది. పిలిస్తే పలుకు లేదు. తలుపు పగలగొట్టారు.

ఆయన వంటింట్లో, గోడ వారన పడి ఉన్నాడు.

“గుండె ఆగింది. పడగానే ఎవరైనా వచ్చి ఉంటే దక్కేవాడేమో,” అన్నాడు డాక్టరు.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మధ్యాహ్నానికి ఆయన చెల్లెలు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ రేడియోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఏదో ఒకటి అనాలి కదా అని, “బాబాయ్ గారికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం కదండీ,” అంది ఆమె.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

“మా అన్నయ్యకా? బంతాటంటేనే గిట్టదమ్మా వాడికి. మొన్న ఈ రేడియో కొన్నాడని తెలిసి, ఈ వయసులో ఇదేం పిచ్చిరా అని తిట్టాను. ‘పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన పిల్ల వంటింట్లో ఉండిపోయి గోల్ చూడలేకపోతోందే పాపం, ముందుగా ఒక్క కేక వేస్తే పరుగెత్తి చూసుకుంటుంది’ అన్నాడు.”