సైకిలు సీసా

ముసలాయన సైకిలుకున్న నీళ్ల సీసా తీసి, దబ్బనంతో రెండు పోట్లు పొడిచాడు.

నీళ్లు బుస్సున కారాయి.

ఎల్లవ్వ ఇంట్లోంచి ఉరికొచ్చింది.

"ఓ ముసలోడా, నీ చేతులిరగ! నా బిడ్డ సీసా నిన్నేమన్నది?"

సూరత్‌లోని బమ్రోలి గల్లీల్లో పాత సామాను కొనే ఆ బండాయనకు తెలుగు రాదనుకుని తిట్టింది. ఆయన మాస్కు కిందికి లాగి తెలుగులోనే జవాబిచ్చాడు.

"గిది నీళ్ల సీసా కాదు చెల్లె. రంగుల మిల్లుల మందు సీసా. కడిగి సంతల అమ్ముతరు."

"నీకెట్ల ఎర్క?"

ఆయన సీసా తిరగేశాడు.

"గీ అడుగున సూడు. మందు పేరు గీకేసిండ్రు."

ఎల్లవ్వ వంగి ఆ గీతలు చూసింది. అయినా తగ్గలేదు.

"నేను దినాం వాసన సూసే నీళ్లు పోస్త. ఏ వాసనా లేదు."

"ఉండదు. రెండు నీళ్లు సోడతోని, ఒక నీరు నిమ్ముప్పుతోని కడుగుతరు. వాసన పోతది. మందుల ఇసం పోదు."

అప్పటికి లాక్‌డౌన్ సడలించినా సిటీ బస్సులు తిరగడం లేదు. కూతురు తిరుమల ఖటోదరాలో చీరలు మడతపెట్టే పనికి సైకిలు మీద పోతోంది. ఎండకు ప్లాస్టిక్ కరిగి నీళ్లలో కలుస్తుందని ఫోన్లో ఎవరో చెప్పగా విన్ననాటి నుంచి ఎల్లవ్వకు కంటి మీద కునుకు లేదు.

స్టీలు సీసా పెట్టి పంపితే స్పీడు బ్రేకరు దగ్గర జారి టెంపో కింద పడింది. అదే కూతురై ఉంటే అని మూడు రోజులు వణికింది.

గాజు సీసా పెడదామంటే పగిలిన పెంకులు, నెత్తురు కళ్లముందు కనబడ్డాయి.

చివరికి సంతంతా తిరిగి, పల్చటివన్నీ వదిలేసి, మందంగా ఉన్న తెల్ల సీసా ఏరి తెచ్చింది. మందంగా ఉంటే కరగదనుకుంది.

ఇప్పుడు దానికి రెండు చిల్లులు.

"మరి నా బిడ్డ దేంట్ల తాగాలె?"

"మంచిదొకటి నేనిస్త. జర టైం పడ్తది."

"నువ్విచ్చేది కరోనానే! మా గల్లీల అడుగువెట్టకు."

ఆ సాయంత్రానికే గల్లీ అంతా చెప్పేసింది, ఆ ముసలాయన మంచివాడు కాదని. మరెవరూ ఆయనకు పాత సామాను వేయలేదు.

సైకిలుకు మాత్రం ఏ సీసా పెట్టాలో తేలలేదు. పొద్దున్నే పెద్ద చెంబెడు నీళ్లు దగ్గరుండి తాగించి పంపేది.

"మమ్మీ, నేను మనిషినా, ట్యాంకర్‌నా?" అనేది తిరుమల.

వానాకాలంలో గల్లీ చివర ముసలాయన రేకుల షెడ్డు మీదికి సొర తీగ పాకింది. దీపావళికి కాయలు బాగా ముదిరాయి. ఆయన వండుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. చలికాలం పోయాక కోసి, చూరుకు వరసగా వేలాడదీశాడు.

"తిననీకి లేని దినాలల్ల సొరకాయలు ఎండవెడ్తాండు. ఏందే గది?" అంది పక్కింటి పోశమ్మ.

ఎల్లవ్వకు ఒక్కటే తోచింది. చేతబడి.

మర్నాడే సైకిలు హ్యాండిలుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

"మమ్మీ, నిమ్మకాయ హ్యాండిల్‌కు కాదు, షర్బత్‌ల పిండు."

"నవ్వకే! ఆ షెడ్డు దిక్కు సూడకుండ పో."

మళ్లీ ఎండలొచ్చాయి. ఈసారి వాటితోపాటు అంబులెన్సుల మోత వచ్చింది. ముసలాయన బండి వారం రోజులుగా పెట్టినచోటే ఉంది.

ఒక పొద్దున ఆయన పక్క షెడ్డులో ఉండే బిక్షపతి వచ్చి, గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

"అక్కా, సైకిల్ మీద పనికి పోయే పిల్ల తల్లివి నువ్వేనా? పాత సామాను బండి సోమలింగం కాక గిది ఇయ్యమన్నడు."

ఎండిన సొరకాయ.

లోపలి గుజ్జు, గింజలు తీసేసి, మూతికి చెక్క బిరడా పెట్టి ఉంది. జారకుండా నడుముకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది.

ఎల్లవ్వ బిరడా తీసి, అలవాటుకొద్దీ వాసన చూసింది.

కందిచేను. మిట్టమధ్యాహ్నం. నాయన భుజాన తాడుతో వేలాడే సొరబుర్ర. గొంతులోంచి కడుపుదాకా దిగే చల్లదనం. "మెల్లగ తాగు బిడ్డా, పొలమారుతది" అనే నాయన మాట.

సూరత్ వచ్చి పద్దెనిమిదేళ్లు. నాయన మోసిన సొరబుర్ర లాంటివే కళ్లెదుట చూరుకు వేలాడదీస్తే, చేతబడి అనుకుంది.

సైకిలుకు సీసా పెట్టే రింగులో పెట్టి చూసింది. కొలత తీసినట్టు కూర్చుంది. ఊపినా కదల్లేదు.

"కాక ఎట్లున్నడు? నిమ్మలంగ ఉన్నడా? నేనే వచ్చి రెండు మాటలు మాట్లాడ్త."

బిక్షపతి తల వంచుకున్నాడు.

"శుక్రవారం పోయిండు అక్కా. దవాఖానకు తీస్కపోతుంటె సుత దీని ముచ్చటే. సీసా లేకుండ పిల్ల ఎండల పోతుందని."

ఎల్లవ్వ సొరబుర్రను గుండెకు ఆనించుకుంది.

"గన్ని మాటలన్న... నా బిడ్డ ఆయనకేమైతదని తమ్మీ?"

బిక్షపతి అన్నాడు.

"సంతకు మందు సీసాలు ఇరవై ఏండ్లు కడిగిచ్చింది ఆయననే అక్కా. ఆయన బిడ్డ ఆఖరుసారి నీళ్లు తాగిన సైకిలు సీసా సుత, ఆయన చేతులతోని కడిగిందే."