ముప్పై ఆంపుల లైను

ప్లగ్గు సాకెట్లోనే కరిగి అతుక్కుపోయింది. ఎలక్ట్రీషియన్ కర్టిస్ కటింగ్ ప్లయర్‌తో దాన్ని ఊడబెరికి వాసన చూశాడు.

“ఇంకో వారం ఆగితే గ్యారేజీ అంటుకునేది మేడమ్. దీనికేం తగిలించారు?”

“బయట క్యారవాన్ ఉంది కదా, దానికి,” అంది మర్లీన్. “మా తమ్ముడు అందులో ఉంటున్నాడు. చలికి హీటర్ వేస్తున్నాడు.”

కర్టిస్ బయటికి చూశాడు. నార్త్ డకోటాలో నవంబరు. గ్యారేజీ గోడ పక్కన, చక్రాలు సగం మంచులో కూరుకుపోయిన పాత తెల్ల క్యారవాన్. దాని దాకా నారింజ రంగు తీగ ఒకటి పాకుతూ వెళ్లింది. క్రిస్మస్ దీపాలకు వాడే సన్న తీగ. ఇవతల రెండంతస్తుల ఇల్లు. పై గదుల్లో మనుషులున్న జాడే లేదు.

“ఎన్నాళ్ల నుంచి?”

“జూన్ నుంచి.”

“చలికాలమంతా ఇందులోనేనా?”

“అలాగే ఉంది.” ఆమె చూపు తిప్పుకుంది. “మీరు మాత్రం మంచి సరుకే వాడండి.”

సొంత తమ్ముణ్ణి మంచులో పడుకోబెట్టి మంచి సరుకు వాడమంటోంది. కర్టిస్ పనిలోకి దిగాడు.

మెయిన్ బోర్డు నుంచి లావు రాగి తీగ లాగాడు. క్యారవాన్ కోసం విడిగా ముప్పై ఆంపుల బ్రేకర్ బిగించాడు. ఈ సాకెట్‌కి నూట ఇరవై వోల్టులే ఇవ్వాలి. బట్టలారబెట్టే మిషన్‌కి ఇచ్చినట్టు రెండు వందల నలభై ఇచ్చేసి, ఫ్రిజ్ దగ్గర్నుంచి టీవీ దాకా కాల్చిపారేసిన మేధావులను అతను చాలామందిని చూశాడు. అందుకే ప్రతి తీగా రెండుసార్లు చూసుకున్నాడు.

మధ్యాహ్నం మర్లీన్ రెండు ప్లేట్లలో భోజనం సర్దింది. ఒకటి తీసుకెళ్లి క్యారవాన్ తలుపు తట్టి, ఇచ్చి వచ్చింది. రెండోది వంటింటి కిటికీ దగ్గర నిలబడి, క్యారవాన్ వైపే చూస్తూ తింది.

పని అయ్యాక కర్టిస్ వెళ్లి క్యారవాన్ తలుపు తీయించాడు. లోపలి మనిషి పేరు లైల్. అరవై దగ్గర పడుతున్న బక్కపలచటి మనిషి. కర్టిస్ అడుగు పెట్టగానే లేచి నిటారుగా నిలబడ్డాడు. దుప్పటి మీద ముడత లేదు.

“గ్యారేజీలోకి రండి, చూపిస్తాను.”

“అలాగే సార్.”

“సార్ ఎందుకండీ, మీకంటే పదేళ్లు చిన్నవాణ్ణి.”

“సరే సార్.”

గ్యారేజీ తలుపు బార్లా తెరిచే ఉంది. లైల్ గడప దగ్గరే ఆగిపోయాడు. రమ్మని చెప్పాక లోపలికి వచ్చాడు.

“ముందు బ్రేకర్ ఆఫ్ చేయాలి. తర్వాత ప్లగ్గు పూర్తిగా లోపలికి నొక్కాలి. ఆ తర్వాతే ఆన్. తీసేటప్పుడూ అంతే, ముందు ఆఫ్. అప్పుడప్పుడూ ప్లగ్గు ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే వెంటనే ఆపేసి నాకు ఫోన్ చేయండి.”

లైల్ పాఠంలా అప్పజెప్పాడు. తర్వాత అడిగాడు. “ఆ బ్రేకర్ నేనే వేసుకోవచ్చా?”

“మీరు కాక ఇంకెవరు వేస్తారు?”

లైల్ బ్రేకర్ ఆన్ చేశాడు. ఆఫ్ చేశాడు. మళ్లీ ఆన్ చేశాడు. అతని మొహంలో చిన్న నవ్వు వచ్చి పోయింది.

వోల్టు మీటర్ నూట ఇరవై ఒకటి చూపించింది. క్యారవాన్‌లో హీటర్ ఎర్రబడింది. కర్టిస్ సామాను సర్దుకున్నాడు గానీ కాళ్లు కదల్లేదు.

“చూడండి లైల్, మా ఆవిడ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. ఓ గది ఖాళీగా ఉంది. మీ అక్కకి మనసు రాకపోతే మా ఇంటికి వచ్చేయండి. మంచి పక్క ఉంది, కిటికీ ఉంది.”

లైల్ ఇంటి వైపు చూశాడు. ఎదురుగా వంటింటి కిటికీలో మర్లీన్ ప్లేటు తుడుస్తూ ఇటే చూస్తోంది.

“మా అక్కనేమీ అనకండి సార్,” అన్నాడు మెల్లగా. “ఆ ఇల్లు నాదే, నాకు తోడుగా ఉంటుందని ఆమెను నేనే పిలిపించుకున్నాను గానీ, చేయని నేరానికి ఇరవై ఆరేళ్లు జైల్లో ఉండొచ్చాక ఆ క్యారవాన్ కంటే పెద్ద గదిలో నాకు నిద్ర పట్టట్లేదు.”