నూటికి నూరు

హైదరాబాదులోని ఆ ఆసుపత్రిలో మందు రాసేది డాక్టర్లు కాదు, మంచం పక్కనుండే ప్రశ్నల యంత్రం. అరబ్బు రోగుల వార్డులో దాని అరబ్బీ ప్రశ్నలు సరిచూసే పని రాయచోటి ఓబులమ్మది. కువైట్‌లో ఇరవై ఏళ్లు వంట చేసి ఆమె ఆ భాష నేర్చుకుంది.

యెమెన్ నుంచి వచ్చిన ఉమ్ సాలిం అనే ముసలామె ఎముకల క్యాన్సర్‌తో దుప్పటి కొరుకుతోంది.

"నొప్పి ఎలా ఉంది?" అంది యంత్రం.

"అల్‌హమ్దులిల్లా," అందామె, అంతా దేవుడి దయ అని. యంత్రం జీవన నాణ్యతకు నూటికి నూరు మార్కులు వేసి నొప్పి మందు ఆపేసింది.

ఓబులమ్మ మండిపడి ప్రశ్న మార్చింది. "మీ తల మీరే దువ్వుకుంటున్నారా?"

"చెయ్యి లేవక నెలయింది," అని ముసలామె ఏడ్చింది. మార్కులు పదకొండుకు పడ్డాయి, మందు వచ్చింది. సాయంత్రానికి వార్డంతా ఏడ్చి మందు తీసుకుంది.

మర్నాడు మేనేజరు విఠల్‌రావు పిలిచాడు. "మీ ప్రశ్న వచ్చాక వార్డులో జీవన నాణ్యత సగానికి పడిపోయిందమ్మా. అంతకుముందు అందరూ హాయిగా ఉన్నారు."

"హాయిగా యాడుండారు సార్? నొప్పికి అల్లాడతాండారు!"

"లెక్కల్లో లేదు కదా!" అని ఆయన పాత ప్రశ్నే పెట్టించాడు.

ఈసారి యంత్రం అడగగానే ఓబులమ్మ ఉమ్ సాలిం నోటికి చెయ్యి అడ్డం పెట్టి, తానే అరబ్బీలో లబోదిబోమంది. మందు దిగింది. ఓబులమ్మ గొంతు సవరించుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లింది.