జారిన ఉప్పుజాడీ

అమెరికా ఫుట్‌బాల్లో బంతి పట్టాక జారిందా, పట్టకముందే జారిందా అని తేల్చే యంత్రం కన్ను ఇప్పుడు ఇంటింటి వంటగదిలోకీ వచ్చేసింది. బంతి ఎప్పుడు పట్టినట్టో చెప్పే ఆ రూలు జిల్లా మొత్తానికి తనకొక్కడికే తెలుసనేవాడు గవర్రాజు.

ఓ పొద్దున భార్య మంగతాయారు అందించిన ఉప్పుజాడీ అతని చేతిలోంచి జారి ముక్కలైంది. అది గవర్రాజు తల్లి పుట్టింటినుంచి తెచ్చుకున్న జాడీ. తప్పు ఎవరిదైతే వాళ్లే వెళ్లి ఆవిడకి చెప్పాలి.

"పట్టుకుని ఒక్క అడుగన్నా వేస్తేనే పట్టినట్టు. నేను తూలానంతే," అన్నాడు గవర్రాజు.

"పొయ్యి దగ్గర్నుంచి గుమ్మందాకా తూలారా?" అంది మంగతాయారు.

కన్ను పదిసార్లు వెనక్కి తిప్పి చూసుకుని తేల్చింది. "ఉప్పు చేతిలోంచి చేతికివ్వరు. కింద పెడితేనే తీసుకోవాలి. ఇద్దరిదీ తప్పే."

"నాకసలు ఏ రూలూ తెలీదు, పదవే," అని గవర్రాజు నవ్వేశాడు.

ఇద్దరూ కలిసే వెళ్లి చెప్పారు. పెద్దావిడ కూడా నవ్వేసింది. మిగతాదంతా జరిగిందే, ఆవిడ నవ్వొక్కటీ కథ చెప్పే నేను కల్పించింది.